ఏకశృంగ ప్రతీక – అర్థవిచారణ

ఒంటికొమ్ము గల మృగం, ముని, దేవుడు అనే మూడు రూపాలు మన వాఙ్మయ శిల్పాలలో కనబడుతున్నాయి. వీటన్నిటినీ పాశ్చాత్యుల ‘యూనికార్న్’ అనే ఒక్క పేరుతో వ్యవహరించడం పరిపాటి అయింది. ఈ ఏకీకరణ ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సింధు నాగరికత ముద్రికలలో అత్యధికంగా కనిపించే జంతువు ఒంటికొమ్ముదే. దాని ఎదుట ఒక పీఠం వంటి వస్తువు ఉంటుంది. పక్కనుండి చిత్రించడం వల్ల ఎద్దు రెండవ కొమ్ము మరుగుపడిందని కొందరి వాదం. కాని ఒకే కొమ్ము గల మట్టిబొమ్మలు కూడా దొరకడం ఈ వాదాన్ని బలహీనపరుస్తున్నది. లిపి ఇంకా నిర్వివాదంగా పఠితం కానందున, ఈ మృగానికి పురాణనామం అంటగట్టడం సాహసమే అవుతుంది.

ఇక ముని విషయం. భారతంలో విభాండకుని కుమారుడు ఋష్యశృంగుడు. ఆంధ్రమహాభారత అరణ్యపర్వంలో నన్నయ ఈ కథను తెనిగించాడు. ‘ఋష్యం’ అంటే ఒక జాతి మృగం. కాబట్టి ఈ నామం కొమ్ము యొక్క జాతిని చెబుతున్నదే గాని సంఖ్యను కాదు. పాలి జాతకాలలో ఇతడు ‘ఇసిసింగుడు’. ‘ఇసి’ అంటే ఋషి కనుక, అక్కడ మృగార్థం మరుగై మునిత్వం ముందుకు వచ్చింది. బౌద్ధ సంస్కృత గ్రంథమైన మహావస్తులో ఇతడే ‘ఏకశృంగుడు’. సంఖ్యకు ప్రాధాన్యం ఇక్కడ స్పష్టం. ఒకే కథలో పేరు మారిన కొద్దీ ప్రతీక భావమూ మారింది.

దేవుని విషయంలో ఈ పదానికి మహిమార్థం కలిగింది. భారత శాంతిపర్వంలో భగవంతుడు వరాహరూపంలో భూమిని ఉద్ధరించినందున ఏకశృంగుడైనాడు. విష్ణుసహస్రనామంలోనో ‘నైకశృంగ’ నామమున్నది.

సుత్తనిపాతంలోని ఖగ్గవిసాణ సుత్తం ఏకాంతచర్యకు ఖడ్గమృగాన్ని ఉపమానం చేసింది. ఉపమానం మృగమా, దాని కొమ్మా అన్నది పండితుల చర్చ. ఆ గ్రంథంలోనే గోదావరీ తీరాన అస్సక దేశ ప్రాంతంలో నివసించిన బావరి వృత్తాంతం ఉన్నది. అస్సక రాజధాని పోతనను మన బాన్సువాడకు సమీపాన గల బోధనుగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. కనుక ఈ గ్రంథపఠనం మన ప్రాంత విద్యార్థులకు విశేషంగా ఉపాదేయం.

క్రీ.పూ. 400 ప్రాంతంలో గ్రీకు రచయిత క్టీసియస్ భారతదేశంలో ఒంటికొమ్ము అడవిగాడిదలున్నాయనీ, వాటి కొమ్ముతో చేసిన పాత్ర విషహరమనీ వ్రాశాడు. మధ్యయుగ యూరపులో ఆ మృగం కన్యకకు మాత్రమే వశమయ్యే పవిత్రతాచిహ్నమైంది. ఋష్యశృంగుని వనిత ఆకర్షించిన కథతో దీనిని కొందరు పోల్చారు. పోలిక ఉన్నా ఫలం వేరు: అక్కడ వేటగాండ్రకు మృగం చిక్కుతుంది, ఇక్కడ అంగదేశంలో వర్షం కురుస్తుంది, శాంతతో వివాహం జరుగుతుంది.

అనువాదకులు ఈ భేదాన్ని గుర్తించకపోలేదు. ఇంగ్లీషు బైబిలు ప్రాచీనానువాదంలో ‘యూనికార్న్’ ఉన్న చోట తెలుగు బైబిలులో ‘గురుపోతు’ అని ఉన్నది. అది అడవిపశువు పేరే గాని కల్పితమృగం పేరు కాదు.

కావున పాఠం చెప్పేటప్పుడు ఏకశృంగ, ఋష్యశృంగ, ఖడ్గ పదాలను ఆయా సందర్భాలను బట్టి వేరువేరుగా వ్యాఖ్యానించడం ఉచితం. రూపసామ్యం పరిశోధనకు ద్వారం మాత్రమే. అర్థనిర్ణయానికి పదమూ, ప్రకరణమూ ప్రమాణాలు.