గుండ్రటి గోడను పట్టుకుని నడిచే యంత్రాలు



బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. నిజాంసాగర్ కాలువ నీటితో పండిన చెరకు అక్కడ చక్కెరగా మారేది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దానిని తిరిగి తెరిచే విషయం పరిశీలించడానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని వేసింది.

ఏళ్ల తరబడి ఆగిపోయిన ఏ ఫ్యాక్టరీని మళ్లీ నడపాలన్నా ఒక ప్రశ్నకు జవాబు కావాలి. తుప్పు తినగా ఇనుప రేకు ఇంకా ఎంత మందం మిగిలింది? ఈ జవాబు కోసం ఒకప్పుడు మనుషులు పరంజా కట్టుకుని, తాళ్లకు వేలాడుతూ ఎక్కేవారు. ఈ పని చేయగల యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో మన పాఠ్యపుస్తకాల లెక్కలతోనే తెలుసుకుందాం.

అన్నీ గుండ్రంగానే ఎందుకు?

చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ డ్రమ్ము, రసం పైపులు, రసం మరిగించే పాన్‌లు, మొలాసిస్ ట్యాంకు, పొగగొట్టం అన్నీ గుండ్రంగానే ఉంటాయి. గుండ్రటి గోడ లోపలి ఒత్తిడిని చుట్టూ సమానంగా పంచుకుంటుంది. మూలలు ఉంటే ఒత్తిడి అక్కడ చేరి, పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే ఈ పనికి వచ్చే యంత్రం గుండ్రటి గోడ మీద నడవగలగాలి.

పడిపోకుండా ఎలా ఉంటుంది?

ఇనుప గోడల మీద నడిచే యంత్రాల్లో ఎక్కువ వాటికి అయస్కాంత చక్రాలు ఉంటాయి. యంత్రం బరువు 20 కిలోలు అనుకుందాం. భూమి దానిని సుమారు 200 న్యూటన్ల బలంతో కిందికి లాగుతుంది. నిలువు గోడ మీద దానిని ఆపేది ఘర్షణ. ఘర్షణ బలం = ఘర్షణ గుణకం × గోడకు అదిమే బలం. గుణకం 0.5 అయితే, 200 న్యూటన్ల ఘర్షణ రావడానికి అయస్కాంతాలు 400 న్యూటన్ల బలంతో గోడను పట్టుకోవాలి. గోడ మీద తుప్పు, జిడ్డు, తడి ఉంటే గుణకం తగ్గుతుంది. కనుక రెట్టింపు బలం, అంటే 800 న్యూటన్లు పెట్టుకోవడం మంచిది. ఇంత చేసినా యంత్రానికి పైనుంచి ఒక రక్షణ తాడు కడతారు.

జారకపోతే చాలదు, వెనక్కి ఒరిగి ఊడిపోకూడదు కూడా. యంత్రం గురుత్వ కేంద్రం గోడకు 10 సెం.మీ. దూరంలో ఉండి, పై చక్రాలకూ కింది చక్రాలకూ మధ్య 30 సెం.మీ. ఉంటే, పై చక్రాలను గోడ నుంచి ఊడదీసే బలం 200 × 10 ÷ 30, అంటే సుమారు 67 న్యూటన్లు. అందుకే ఈ యంత్రాలను బల్లిలాగా గోడకు అంటుకుని ఉండేట్లు పొట్టిగా తయారుచేస్తారు.

వంపుతో వచ్చే చిక్కు

20 సెం.మీ. పొడవున్న చదునైన అయస్కాంతాన్ని ట్యాంకు వంపుకు అడ్డంగా ఆనిస్తే నడుమ మాత్రమే తగులుతుంది. అంచుల దగ్గర సందు మిగులుతుంది. ఆ సందు ఎంతో పైథాగరస్ సిద్ధాంతం చెబుతుంది.

ట్యాంకు వ్యాసార్థం 5 మీటర్లయితే: √(500² + 10²) = 500.1 సెం.మీ. సందు 1 మి.మీ.
పైపు వ్యాసార్థం 25 సెం.మీ. అయితే: √(25² + 10²) = 26.9 సెం.మీ. సందు 1.9 సెం.మీ.

సందు పెరిగేకొద్దీ అయస్కాంత బలం చాలా వేగంగా పడిపోతుంది. అందుకే పెద్ద ట్యాంకు మీద గట్టిగా నిలిచిన యంత్రం చిన్న పైపు మీద ఊడిపోవచ్చు. ఇందుకు విరుగుడుగా పెద్ద పలకకు బదులు చిన్న చిన్న అయస్కాంత చక్రాలు పెడతారు. యంత్రం మధ్యలో తలుపు బందులాంటి కీలు పెట్టి వంపుకు తగ్గట్టు మడిచేస్తారు. పైపు చుట్టూ వెల్డింగ్ చేయాలంటే పైపుకు ఉంగరంలాంటి పట్టా బిగించి, దాని మీద వెల్డింగ్ బండిని నడిపిస్తారు. చేయి వణకదు కాబట్టి అతుకు ఒకే తీరుగా వస్తుంది.

ఇత్తడి మీద, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలు మీద అయస్కాంతం పనిచేయదు. అక్కడ గాలిని తోడేసి అంటుకునే రబ్బరు కప్పులు వాడవచ్చు. వాతావరణ పీడనం ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 10 న్యూటన్లు. కానీ గోడ గరుకుగా ఉంటే గాలి లోపలికి చొరబడి పట్టు తప్పుతుంది.

మందం ఎలా కొలుస్తుంది?

యంత్రం అతిధ్వని తరంగాన్ని రేకులోకి పంపుతుంది. మధ్యలో గాలి అడ్డుపడకుండా నీరుగానీ జెల్‌గానీ పూస్తారు. తరంగం రేకు అవతలి అంచును తాకి ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. ఉక్కులో దాని వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు. అది వెళ్లి రావడానికి సెకనులో పది లక్షల వంతులు 2.7 పడితే, మందం = 5,900 × 0.0000027 ÷ 2, అంటే సుమారు 8 మి.మీ. కట్టినప్పుడు రేకు 10 మి.మీ. ఉంటే 2 మి.మీ. తుప్పు తినేసిందన్నమాట.

మనకెందుకు ఈ పాఠం?

మొలాసిస్ పులిస్తే కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. అది గాలికంటే బరువైనది. ట్యాంకు అడుగున చేరి ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. కంటికి కనిపించదు, వాసన ఉండదు. దిగిన మనిషి కూలిపోతే, కాపాడబోయిన రెండో మనిషీ కూలిపోతాడు. మురుగు ట్యాంకుల్లో విషవాయువులు కూడా తోడవుతాయి. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా ఆ తర్వాతా మరణాలు ఆగలేదు. ఆ పనిలో ఎవరి తండ్రులు, ఎవరి అన్నలు పోతున్నారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018లో కేరళ యువ ఇంజనీర్ల బాండికూట్ యంత్రం తిరువనంతపురంలో మ్యాన్‌హోల్ శుభ్రం చేసే పనిలోకి దిగింది. మనిషి పైనే నిలబడి తెర మీద చూస్తూ దానిని నడుపుతాడు.

అయితే యంత్రం వస్తే కూలీ పోతుంది కదా అనే భయం నిజమైనదే. ప్రాణం దక్కి పని పోతే ఆ ఇంటికి సగం న్యాయమే జరిగినట్టు. ఇన్నాళ్లూ ఆ పని చేసిన ఇళ్లవాళ్లకే యంత్రం నడపడం నేర్పాలని మనం అడగాలి. మనమూ సిద్ధపడాలి. ఐటీఐలో వెల్డర్, ఫిట్టర్ ట్రేడులు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా, ఆ పైన అతిధ్వని పరీక్షల సర్టిఫికెట్ కోర్సులు ఈ దారిలోని మెట్లు. పదో తరగతి లెక్కలు, భౌతికశాస్త్రం బాగా వస్తే మొదటి మెట్టు ఎక్కినట్లే.

మీరే చేసి చూడండి

1. పాత స్పీకరు అయస్కాంతాన్ని మీ ఇనుప ట్రంకుపెట్టెకు అంటించండి. మధ్యలో 1, 5, 10, 20 కాగితాలు పెడుతూ పట్టు ఎలా తగ్గుతుందో రాసుకోండి.
2. అదే అయస్కాంతాన్ని మీ అన్నం కంచానికి అంటించండి. అంటుకోకపోతే ఎందుకో మీ సైన్సు సారును అడగండి.
3. వ్యాసార్థం 1 మీటరు ఉన్న బాయిలర్ డ్రమ్ము మీద 20 సెం.మీ. అయస్కాంతం అంచున సందు ఎంత? లెక్కకట్టండి.