పాల లెక్కల పుస్తకంలో ఆదివారాలు

సమస్య

మాది శ్రీశైలం దగ్గర సున్నిపెంట. మా మామగారు డ్యాం పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన సున్నిపెంట నుంచి శ్రీశైలానికి ఆటో నడుపుతారు. పెళ్లయి 17 ఏళ్లు. ఒక్కతే పాప, పదో తరగతి. మా పుట్టిల్లు నంద్యాల. 1947లో అందరూ దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో కలిసినా మా తాతలు కలవలేదని, పట్టిన పట్టు వదలని వంశం మాదని మా నాన్న ఇప్పటికీ చెప్తారు.

పెళ్లినాటికి మా ఆయన పేరుకే క్రైస్తవుడు. మూడేళ్లకు మారుమనసు పొంది తాగుడు మానేశారు. అప్పటి నుంచి సంఘంలో అందరికన్నా ముందు ఆయనే. చాపలు పరిచేది ఆయనే, మైకు సర్దేది ఆయనే. సంఘ పెద్దగా కూడా నియమించారు. పోయిన ఏడాది ఫైనాన్సులో కొత్త ఆటో తీసుకున్నాక అంతా మారిపోయింది. శని, ఆది, సోమవారాలు భక్తుల రద్దీ. కంతు కట్టాలంటే ఆ మూడు రోజులే దిక్కంటారు. శివరాత్రికి, ఉగాదికి కన్నడ భక్తులు వచ్చినప్పుడు అన్నానికి కూడా ఇంటికి రారు.

పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో ఆయన ఆరాధనకు రాని ఆదివారాలు తేదీలు వేసి రాసిపెట్టాను. 14 నెలల్లో 37. స్త్రీల సమాజంలో ప్రతి వారం "మీ ఆయన రాలేదా?" అని అడుగుతుంటే తలెత్తుకోలేక, ఆ పుస్తకం తీసుకెళ్లి మా పాస్టరు అయ్యగారికి చూపించాను. పెద్దలంతా మాట్లాడుకుని మా ఆయనను సంఘ పెద్దగా తీసేశారు. పవర్ హౌస్‌లో పనిచేసే ఒక పెద్దాయన, "విగ్రహాల దగ్గరికి జనాన్ని మోసుకెళ్లేవాడు సంఘాన్నేం నడుపుతాడు?" అన్నారట. ఆదివారం డ్యూటీ పడితే ఆ పెద్దాయన కూడా రారు గానీ, అది వేరే సంగతి.

ఇప్పుడు బేరాలు లేని ఆదివారం కూడా మా ఆయన రావడం లేదు. కుటుంబ ప్రార్థనలో నోరు తెరవరు, కళ్లు మూసుకుని కూర్చుంటారు. తెల్లవారుజామున ఆటో తీసే ముందు మాత్రం వసారాలో ఒక్కరే మోకరించడం చూస్తుంటాను. కానుకకు తీసే గుప్పెడు బియ్యం నేను మర్చిపోయినా ఆయనే డబ్బాలో పోస్తారు. పూర్తిగా చల్లారిపోకముందే ఏదైనా చేయాలి. పాపను తీసుకుని కొన్నాళ్లు నంద్యాల వెళ్లిపోతే దారికొస్తారా? ఆటో అమ్మేయమని పట్టుబట్టనా? వేరే సంఘానికి మారాలా?

— ఒక సహోదరి, సున్నిపెంట

సలహా

చెల్లెమ్మా, మీరు అడిగిన మూడింటికీ ముందు జవాబు చెప్పేస్తాను. పుట్టింటికి వెళ్లొద్దు. ఆటో అమ్మించొద్దు, కంతులు ఉండగా అమ్మితే బండి పోతుంది, అప్పు మిగులుతుంది. సంఘం మారొద్దు, కొత్త చోటా ఇదే ఆదివారం, ఇదే రద్దీ. మీ ఉత్తరాన్ని నేను పక్కన పెట్టలేకపోయింది వీటి వల్ల కాదు, ఆ పాల పుస్తకం వల్ల. ముందు పేజీల్లో అర లీటరు, లీటరు, ముప్పావు. తిరగేస్తే భర్త రాని ఆదివారాలు, తేదీలతో సహా. పాలవాడి లెక్క నెలాఖరుకు తీరిపోతుంది. ఈ రెండో లెక్క ఎవరికి, ఎప్పటికి తీర్చాలని రాస్తున్నారు? మీరు రాసింది తప్పు. దాన్ని తీసుకెళ్లి అయ్యగారికి చూపించడం అంతకన్నా పెద్ద తప్పు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలిసే చెప్తున్నాను.

సహోదరుడు తప్పు చేశాడనిపిస్తే ఏం చేయాలో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో వరసగా ఉంది. మొదట ఇద్దరే ఉన్నప్పుడు అతనితోనే మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మీరు మొదటి మెట్టు, రెండో మెట్టు వదిలేసి నేరుగా మూడో మెట్టు ఎక్కారు. "ఆదివారం మీరు పక్కన లేకపోతే నాకు బాధగా ఉంది" అని ఆయనతో ఒక్క రాత్రి కూర్చుని చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో పౌలు ప్రేమ లక్షణాలు చెప్తూ, అది ఎదుటివారి కీడును లెక్కలో వేసుకోదంటాడు. మూల భాషలో ఆ చోట ఉన్నది పద్దులు రాసేవాళ్ల మాట. పెళ్లిళ్లలో తరచుగా చదివే అధ్యాయమే అది. మీ ఆయన ప్రార్థనలో నోరు ఎప్పుడు మూసుకున్నారో మళ్లీ చూసుకోండి. ఆటో కొన్నప్పుడు కాదు, 37 ఆదివారాలు మానినప్పుడూ కాదు, ఆ పుస్తకం నలుగురి చేతుల్లో పడ్డాక. ఆయన చల్లారింది దేవుడి మీద కాదని నా నమ్మకం. తెల్లవారుజామున వసారాలో మోకరించే మనిషిని, ఎవరూ అడగకుండానే గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో పోసే మనిషిని చల్లారిపోయాడని ఎలా అన్నారు? మన తెలుగు సంఘాల్లో ఆ గుప్పెడు బియ్యం తీసేది సాధారణంగా ఇంటి ఆడవాళ్లు. రోజూ పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు, ఎవరి కంటా పడకుండా చేసే అర్పణ అది. అది ఏ హాజరు పట్టీలోనూ ఎక్కదు.

ఇక ఆ పెద్దాయన సంగతి. "అది వేరే సంగతి" అని మీరు ఒక్క ముక్కలో దాటేశారు, నేను దాటలేను. పవర్ హౌస్‌లో షిఫ్టు పడితే దాని పేరు డ్యూటీ, రిజిస్టరు ఉంది, జీతం ఉంది, కాబట్టి ఎవరూ అడగరు. ఆటో స్టాండులో సీరియల్ వస్తే దాని పేరు బేరం, కాబట్టి అది డబ్బాశ. ఆదివారం టర్బైన్లు ఆపలేరు, నిజమే. ఆదివారం ఫైనాన్సు వాడు వడ్డీ ఆపుతాడా? శ్రీశైలంలో ఆదివారం పూట సత్రాల్లో వంట చేసేవాళ్లు, లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు ఎంతమంది! వాళ్లలో విశ్వాసులు లేరా? పేదవాడి పని పాపంగానూ, ఉద్యోగస్థుడి పని బాధ్యతగానూ కనిపించే సంఘం ముందు తన చూపు సరిచేసుకోవాలి. గుడికి జనాన్ని మోసుకెళ్తున్నాడనే మాటకైతే బైబిల్లోనే జవాబుంది. రాజుల రెండో గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను యెహోవాను నమ్మాక, తన రాజు రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు చేయి ఆసరా ఇచ్చి తానూ లోపలికి వెళ్లక తప్పదని, దానికి క్షమాపణ దొరకాలని ఎలీషాతో చెప్పుకుంటాడు. ప్రవక్త అతన్ని కసరలేదు, నెమ్మదిగా వెళ్లమని సాగనంపాడు. మీ ఆయన గుడి లోపలికి కూడా వెళ్లడం లేదు. కొండెక్కలేని ముసలివాళ్లను గుడి దాకా దించి వస్తున్నారు.

"మన పెద్దలు ఆదివారం కోసం తిండి కూడా పోగొట్టుకున్నారే" అని మీ సంఘంలో ఎవరైనా అంటారు. అనాలి కూడా, ఎందుకంటే అది నిజం. మీ నల్లమలలోనే పుట్టిన గుండ్లకమ్మ కిందికి పారి ఒంగోలు దాపుకు చేరే చోట, 1866 నుంచి అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గరికి వచ్చిన మాదిగ విశ్వాసులకు మూడు కట్టుబాట్లు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు వాటిని నిలబెట్టుకున్నారు. ఆదివారం వెట్టికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు ఊరి పెద్దల చేతుల్లో బాధలు పడ్డారు. కానీ ఆ ఆదివారం ఎవరికి వ్యతిరేకంగా నిలబడిందో చూడండి. ఏడు రోజులూ నీ ఒళ్లు నాదే అన్న ఊరికి, ఒక రోజు నా దేవుడిది అని చెప్పిన మాట అది. వెట్టివాడికి మొదటిసారి తనదంటూ దొరికిన రోజు. అదే రోజును తీసుకొచ్చి ఇవాళ కంతుల కింద నలిగే ఆటోవాడిని కొట్టడానికి కర్రగా వాడితే, పేరయ్య పడిన బాధకు అర్థం తిరగబడుతుంది. ఆ క్లౌ దొరే 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు తీరేదాకా మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మలో దిగారు. ఆ అంకెను అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అంకె రాయకుండా ఆగిన ఆ నెలలే గొప్పవనిపిస్తాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, మొదటి మూడు వందల ఏళ్లు క్రైస్తవులకు ఆదివారం సెలవే లేదు. రోము సామ్రాజ్యంలో అది మామూలు పనిదినం. దాదాపు 112లో బితూనియ పాలకుడు ప్లినీ తన చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును కీర్తించి వెళ్లిపోతారని, తర్వాత మళ్లీ కలిసి భోజనం చేస్తారని ఉంది. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాన్‌స్టంటైన్ చట్టం చేసింది 321లో, అందులోనూ పొలం పనులకు మినహాయింపు ఇచ్చాడు. అంటే హతసాక్షులను కన్న ఆ సంఘం తెల్లవారుజామున ప్రార్థించి పనికి పోయిన సంఘమే. అలాగని కూడుకోవడం అక్కర్లేదని నేను అనడం లేదు. సమాజంగా కూడుకోవడం మానొద్దని హెబ్రీయులకు రాసిన పత్రిక గట్టిగానే చెప్తుంది, మీ ఆయనకూ ఆ మాట వర్తిస్తుంది. ఒంటరిగా మోకరించడం ఒక్కటే చాలదు. నలుగురి మధ్య కూర్చుని, పక్కవాడి బాధ విని, ఒకే రొట్టె విరిచి తినకపోతే ఎంతటి విశ్వాసమైనా ఎండిపోతుంది. కానీ ఏ గంటకు కూడాలో ఆ పత్రిక రాయలేదు. మీ ఊరికి ఒక వెసులుబాటు ఉంది. దోర్నాల, మన్ననూరు చెక్‌పోస్టుల్లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లను వదలరు. ఆరింటికి గేటు తీస్తే, ఆ ఘాట్ రోడ్డు ఎక్కి మీ ఊరు చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. ఆదివారం అయిదింటికి ఒక గంట ఆరాధన పెడితే ఆటోవాళ్లు, సత్రం వంటవాళ్లు ఎందరు వస్తారో అయ్యగారు ఒక్క నెల చూడాలి. మన పల్లె సంఘాల్లో కూలీలు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, చీకటి పడే వేళ ఉపదేశి ప్రార్థన నడిపేవాడు. జనం వచ్చే వేళకు సంఘం సర్దుకునేది.

మీ నాన్నగారు చెప్పే 1947 మాట గౌరవించదగ్గదే. ఆ సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్ సంఘాల్లో చాలామంది చేరలేదు. గురువుల అభిషేకం, ప్రార్థనా క్రమం వాళ్ల మనస్సాక్షికి సంబంధించిన సంగతులు. చేరినవాళ్లు తప్పిపోయారని వీళ్లు, వీళ్లు మొండివాళ్లని వాళ్లు అనుకున్న రోజులవి. చివరికి 1975లో నంద్యాల కూడా సి.ఎస్.ఐ.లోకే వచ్చింది. ఎవరు నమ్మకంగా ఉన్నారో, ఎవరు తప్పిపోయారో పక్కనుండి తేల్చడం అంత కష్టం, తల్లీ. పట్టు మీ వంశంలో ఉంటే ఉండనివ్వండి, దాన్ని మీ సొంత ప్రార్థన మీద వాడండి.

ఇంత కసిరాను గానీ, ఆ పుస్తకం మీరు ఎందుకు రాశారో నాకు అర్థమైంది. ప్రతి వారం ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మీరు. భర్త తాగితే భార్య సరిగా చూసుకోలేదంటారు, ఆరాధనకు రాకపోతే భార్య ప్రార్థన చాలలేదంటారు. మన ఇళ్లలో మగవాడి భక్తికి ఆడదాన్ని కాపలా పెట్టారు, హిందువుల ఇళ్లలోనూ ఇంతే, ముస్లింల ఇళ్లలోనూ ఇంతే. కాపలా మనిషికి లెక్క పుస్తకం కావాలి మరి. ఆ ఉద్యోగం మీకు దేవుడు ఇచ్చింది కాదు, వదిలేయండి. పదిహేనేళ్ల పాప ఆ వెనక పేజీలు చూసే ఉంటుంది. అమ్మ నాన్నను పద్దు రాస్తోందని తెలిసిన పిల్ల రేపు తన సందేహం, తన తప్పు మీతో చెప్తుందా?

ఈ రాత్రి ఆయన కలెక్షన్ లెక్కపెట్టుకుని చేతులు కడుక్కున్నాక, పాప చదువుకుంటున్న గది తలుపు దగ్గరికి వేసి, "మీకు చెప్పకుండా అయ్యగారికి చూపించడం తప్పు, క్షమించండి" అనండి. అంతే అనండి. ఈ ఆదివారమైనా రండి అని దానికి తోక తగిలించొద్దు. ఆయన ఏమీ అనకపోవచ్చు, వారం రోజులు అనకపోవచ్చు. తర్వాత మీరే అయ్యగారి దగ్గరికి వెళ్లి, విచారించకుండా తీర్పు చెప్పారని, ఆటో స్టాండుకు వచ్చి ఆయనతో ఒక్కసారి మాట్లాడమని అడగండి, అయిదింటి ఆరాధన మాట కూడా ఎత్తండి. వచ్చే వారం స్త్రీల సమాజంలో "మీ ఆయన రాలేదా?" అన్నప్పుడు తల దించుకోవద్దు. "పొద్దున్నే ప్రార్థన చేసుకుని ఆటో తీశారు" అని చెప్పి, మీ చాప మీద కూర్చోండి.