పాఠం 17: మీ బదులు పనిచేసే స్క్రిప్టు

17.0 ఈ పాఠం ఎందుకు?

గత పాఠంలో కంప్యూటరుకు వరుసగా ఆదేశాలు ఇవ్వడం నేర్చుకున్నారు. ఆ ఆదేశాలనే ఒక ఫైలులో రాసి ఉంచితే దాన్ని స్క్రిప్టు అంటారు. మీలో కొందరు యానాం నుంచి వచ్చి పుదుచ్చేరి దుకాణాలలో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నారు. సాయంత్రం పని అయ్యాక బీచ్ రోడ్డున గోడ మీద కూర్చుని ఫోనులో ఆటలు ఆడేవారు, క్రిప్టో ధరలు చూసేవారు మీకు తెలిసే ఉంటారు. మీరే ఆ పని చేస్తూ ఉండవచ్చు. ఆట ఆడే స్క్రిప్టు, క్రిప్టో కొని అమ్మే స్క్రిప్టు ఎలా పనిచేస్తాయో, అవి ఎక్కడ దెబ్బ తీస్తాయో ఈ పాఠంలో చూద్దాం. పాఠం చదివాక ఒక చిన్న స్క్రిప్టును మీరే కాగితం మీద రాయగలుగుతారు. ఇంకొకరు ఇచ్చిన స్క్రిప్టును నడపవచ్చో లేదో నిర్ణయించుకోగలుగుతారు. ఈ రెండవదే ముఖ్యం.

17.1 మార్కెట్టుకు పంపిన కుర్రవాడు

గూబేర్ మార్కెట్టుకు మీరు ఒక కుర్రవాణ్ణి పంపారనుకోండి. "వంజరం చేప కిలో ధర అడుగు. 900 రూపాయల కంటే తగ్గితే నాకు ఫోను చెయ్యి" అన్నారు. కుర్రవాడు నమ్మకస్తుడే కాని సొంత ఆలోచన లేనివాడు. చెప్పింది చెప్పినట్లు చేస్తాడు, చెప్పనిది చేయడు. స్క్రిప్టు కూడా అటువంటిదే. ఈ పనిని స్క్రిప్టుగా రాస్తే ఇలా ఉంటుంది:

1. ధర అడుగు.
2. ధర 900 కంటే తక్కువైతే సందేశం పంపు.
3. 60 సెకన్లు ఆగు.
4. మళ్ళీ 1వ వరుసకు వెళ్ళు.

చూడడానికి తప్పేమీ కనిపించదు. దీన్ని రాత్రి పది గంటలకు మొదలుపెట్టి మీరు పడుకున్నారనుకోండి. పదిన్నరకు ధర 890కి దిగింది, తెల్లవారే దాకా అక్కడే ఉంది. ఉదయం అయిదున్నరకు లేచి చూస్తే ఫోనులో 420 సందేశాలు ఉంటాయి. ఒకసారి చెబితే చాలునని మీరు స్క్రిప్టుకు చెప్పలేదు కదా! అందువల్ల 2వ వరుసను ఇలా మార్చాలి: "ధర 900 కంటే తక్కువై, ఇంతకు ముందు చెప్పి ఉండకపోతే, సందేశం పంపు, చెప్పినట్లు గుర్తు పెట్టుకో."

ఇంకొక లోపం కూడా ఉంది. దీన్ని కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది గమనించరు. మధ్యలో నెట్ ఆగిపోయి ధర అందలేదనుకోండి. జవాబు ఖాళీగా వస్తుంది. అజాగ్రత్తగా రాసిన స్క్రిప్టు ఆ ఖాళీని సున్నాగా తీసుకుంటుంది. సున్నా 900 కంటే తక్కువే! సందేశం పంపే స్క్రిప్టు అయితే పోయేదేమీ లేదు. కొనే స్క్రిప్టు అయితే ధర పడిపోయిందనుకుని మీ డబ్బంతా పెట్టి కొనేస్తుంది. కాబట్టి 1వ వరుస తరువాత "జవాబు రాకపోతే ఏమీ చేయకుండా 3వ వరుసకు వెళ్ళు" అని తప్పకుండా రాయాలి.

ఇక 3వ వరుస సంగతి. ఆ ఆగడం ఎందుకు అనిపించవచ్చు. కుర్రవాడు నిమిషానికి ఒకసారి ధర అడిగితే చేపలమ్మ ఓర్చుకుంటుంది. సెకనుకు పదిసార్లు అడిగితే తరిమేస్తుంది. క్రిప్టో ఎక్స్ఛేంజీల కంప్యూటర్లు కూడా ఇంతే. నిమిషానికి ఎన్నిసార్లు అడగవచ్చో అవి ముందే హద్దు పెడతాయి. హద్దు దాటిన వారికి కొంతసేపు జవాబు ఇవ్వవు.

పాఠగత ప్రశ్న 1: ధర 1,000 దాటినప్పుడు కూడా ఒకసారి సందేశం రావాలంటే పై స్క్రిప్టులో ఏ వరుస చేర్చాలి? జవాబు చూడకముందు నోటు పుస్తకంలో రాయండి.

17.2 నొక్కే ఆట, నొక్కే స్క్రిప్టు

2024లో టెలిగ్రాంలో హామ్‌స్టర్ కోంబాట్ అనే ఆట ప్రపంచమంతా వ్యాపించింది. ఆటలో చేయవలసిన ముఖ్యమైన పని తెర మీద నొక్కడం. నొక్కినకొద్దీ నాణేలు పెరుగుతాయి. ముందు ముందు ఆ నాణేలకు బదులుగా అమ్ముకోదగిన క్రిప్టో టోకెన్లు ఇస్తామన్నారు. వేలు నొప్పి పుట్టేలా నొక్కడం ఎందుకని కొందరు నొక్కే స్క్రిప్టులు రాశారు, ఇతరులకూ పంచారు. ఆ స్క్రిప్టులో ఉండేది రెండే పనులు: నొక్కు, ఆగు.

ఆటవారు దీన్ని ఎలా కనిపెడతారు? మనిషి వేలు ఒకే లయలో నొక్కదు. ఒకసారి సెకనులో అయిదో వంతుకు, ఇంకోసారి మూడో వంతుకు నొక్కుతుంది. మనిషికి నిద్ర ఉంటుంది, భోజనం ఉంటుంది. రోజుకు ఇరవై నాలుగు గంటలూ సరిగ్గా ఒకే వ్యవధిలో నొక్కే ఖాతా మనిషిది కాదని లెక్క చూస్తేనే తెలిసిపోతుంది. స్క్రిప్టు రాసేవారు ఆగే సమయాన్ని అటూ ఇటూ మారుస్తారు. ఆటవారు ఇంకో లెక్క చూస్తారు. ఈ పోటీకి అంతు లేదు.

2024 సెప్టెంబరు 26న టోకెన్లు పంచారు. సుమారు 13 కోట్ల మందికి అర్హత ఉందని, మోసం చేసిన సుమారు 23 లక్షల మందిని తొలగించామని ఆట నిర్వాహకులు ప్రకటించారు. అర్హత పొందినవారిలోనూ చాలామందికి చేతికి వచ్చింది చాలా స్వల్పం. నెలల తరబడి రాత్రింబవళ్ళు ఫోను నడిపిన కరెంటు ఖర్చు కూడా రాలేదని వారి మొర. ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. 13 కోట్ల మందికి పంచే పాయసం గిన్నె ఎంత పెద్దదైనా ఒక్కొక్కరికి చెంచాడే వస్తుంది.

ఇలాంటి ఆటలో స్క్రిప్టు వాడితే ఖాతా పోతుంది, అంతే. డబ్బు పందెంగా పెట్టే ఆటలో సంగతి వేరు. అటువంటి ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ చట్టం తెచ్చి నిషేధించాయి. దేశమంతటికీ పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బుగా మార్చుకోగల నాణేలను, టోకెన్లను కూడా ఆ చట్టం పందెంగానే లెక్కిస్తుంది. కాబట్టి "ఇది డబ్బు కాదు, టోకెనే" అనే మాట చెల్లదు.

17.3 కొని అమ్మే స్క్రిప్టు: ఒక లెక్క

"తక్కువకు కొను, కొంచెం పెరగ్గానే అమ్ము, మళ్ళీ కొను." ఈ స్క్రిప్టును మీకు ఎవరైనా చూపించి "నిద్రపోతూ సంపాదించవచ్చు" అని చెప్పి ఉండవచ్చు. ఆ మాట నిజమో కాదో లెక్క కట్టి చూద్దాం. పెన్సిలు తీసుకోండి.

స్క్రిప్టు ప్రతిసారి 10,000 రూపాయలకు కొని, ధర అర శాతం పెరగ్గానే 10,050కి అమ్ముతుంది. నెలలో 20 సార్లు ఇలా జరిగింది. ఒక్కసారి కూడా నష్టం రాలేదని కూడా అనుకుందాం. ఇది నిజ జీవితంలో దొరకని అదృష్టం. లాభం 20 × 50 = 1,000 రూపాయలు. తెర మీద స్క్రిప్టు చూపేది ఈ అంకె ఒక్కటే.

ఎక్స్ఛేంజీ రుసుము కొన్నప్పుడు 0.2 శాతం, అమ్మినప్పుడు 0.2 శాతం అనుకుందాం. ఒక్కసారికి 20 + 20.10 = 40.10 రూపాయలు. ఇరవై సార్లకు 802 రూపాయలు.

ఇప్పుడు పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. రెండూ కలిపి 31.2 శాతం. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చునూ మినహాయించుకునే వీలు లేదు. ఒక నాణెం మీద వచ్చిన నష్టాన్ని ఇంకో నాణెం లాభంలో తగ్గించుకునే వీలు కూడా లేదు. కాబట్టి 1,000 రూపాయల మీద పన్ను 312.

1,000 లోంచి 802, 312 తీసివేస్తే ఎంత? 114 రూపాయల నష్టం. కొన్నప్పటి రుసుమును కొన్న ధరలో కలిపి చూపినా మిగిలేది పది పదకొండు రూపాయలు. స్క్రిప్టు ఒక్క తప్పు కూడా చేయలేదు, అయినా మీకు దక్కింది ఇదే.

అక్కడితో అయిపోలేదు. 2022 జూలై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం ముందుగానే పట్టుకుంటారు. ఇది లాభం మీద కాదు, మొత్తం మీద. ఒక్కసారికి 100 రూపాయల 50 పైసలు, ఇరవై సార్లకు 2,010. మీరు కట్టవలసిన పన్ను 312 మాత్రమే కనుక మిగతా 1,698 తిరిగి వస్తుంది. కాని ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తేనే వస్తుంది. నెలజీతం మీద బతికేవారికి ఆ డబ్బు నెలల తరబడి చేతిలో ఉండదు.

పాఠగత ప్రశ్న 2: స్క్రిప్టు అర శాతానికి బదులు 2 శాతం పెరిగాక అమ్మితే, 20 సార్లకు రుసుము, పన్ను పోను ఎంత మిగులుతుంది? అంత పెరుగుదల కోసం ఎదురుచూస్తున్నప్పుడు ధర పడిపోతే ఏమవుతుంది?

17.4 తాళంచెవులు మూడు రకాలు

మీ బదులు స్క్రిప్టు కొని అమ్మాలంటే దానికి మీ ఖాతా తాళంచెవి ఇవ్వాలి. దీన్ని ఏపీఐ కీ అంటారు. ఇచ్చేటప్పుడు ఎక్స్ఛేంజీ మిమ్మల్ని అడుగుతుంది: ఈ చెవితో ఖాతాను చూడవచ్చునా? కొని అమ్మవచ్చునా? డబ్బు బయటకు పంపవచ్చునా? దుకాణంలో కొత్తగా చేరిన కుర్రవాడికి మీరు గల్లాపెట్టె చెవి ఇస్తారా? ఇవ్వరు. అలాగే మూడవ అనుమతి ఏ స్క్రిప్టుకూ ఇవ్వకండి. ధర చూసి చెప్పే స్క్రిప్టుకు చాలా చోట్ల చెవి కూడా అక్కరలేదు. ధరలు అందరికీ బహిరంగమే. ధర చెప్పడానికి ఖాతా చెవి కావాలని ఏ స్క్రిప్టయినా అడిగితే అనుమానించండి.

ఇవి కాక నాలుగవది ఒకటుంది. అది తాళంచెవి కాదు, ఇల్లే. మీ సొంత వాలెట్ తెరిచే పన్నెండు లేదా ఇరవై నాలుగు మాటల వరుస. అది తెలిసినవారికి మీ పాస్‌వర్డుతో పని లేదు. ఆ మాటలను ఏ స్క్రిప్టులోనూ, ఏ మనిషి ముందూ టైపు చేయకూడదు. బ్యాంకులో పొరపాటున వెళ్ళిన డబ్బుకు మేనేజరు దగ్గరకు వెళ్ళి మొర పెట్టుకోవచ్చు. క్రిప్టో ఒకసారి వెళ్ళిపోతే వెనక్కు రప్పించే మేనేజరు ఎవరూ లేరు.

17.5 ఇతరులు ఇచ్చిన స్క్రిప్టు

సరదా కోసం స్క్రిప్టులు రాసి ఉచితంగా పంచేవారు నిజంగానే ఉన్నారు. వారిని అనుమానించమని ఈ పాఠం చెప్పడం లేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ, పుదుచ్చేరిలోని ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్ వంటి సంఘాలు ప్రోగ్రాములను అందరూ చదివి, నేర్చుకుని, మార్చుకునేలా ఉండాలనే పట్టుదలతో పనిచేసినవే. చదవడానికి వీలుగా ఇవ్వడం ఒక మర్యాద. చదివాకే నడపడం తీసుకునేవారి మర్యాద.

మోసం చేసేవారు వాడుకునేది సరిగ్గా ఈ అలవాటునే. స్క్రిప్టు రెండు వందల వరుసలుంటే అందులో నూట తొంభై ఎనిమిది చెప్పిన పనే చేస్తాయి. మిగిలిన రెండు వరుసలు ఇంకో పని చేస్తాయి. ఒక రకం ఇలా ఉంటుంది: మీరు డబ్బు పంపడానికి ఎవరి వాలెట్ చిరునామానో కాపీ చేస్తారు. ఆ చిరునామా పొడవైన అక్షరాల వరుస కనుక ఎవరూ పూర్తిగా చదవరు. అతికించే లోపల స్క్రిప్టు దాన్ని దొంగ చిరునామాతో మార్చేస్తుంది. అందుకే అతికించాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు సరిచూడడం అలవాటు చేసుకోవాలి.

మంచివాడు రాసిన స్క్రిప్టు కూడా ఒక్కొక్కసారి చెడుతుంది. ఎందుకంటే అది ఇతరులు రాసిన భాగాలను తెచ్చుకుని వాడుకుంటుంది. 2024 డిసెంబరులో సొలానా అనే క్రిప్టో వ్యవస్థకు ఎంతోమంది వాడే ఒక జావాస్క్రిప్టు భాగంలోకి దొంగలు చొరబడ్డారు. కొన్ని గంటల పాటు దాని కొత్త రూపం, దాన్ని దించుకున్న స్క్రిప్టుల నుంచి రహస్య చెవులను దొంగలకు పంపింది. ఆ సమయంలో కొత్త రూపం దించుకున్నవారు చేసిన తప్పేమీ లేదు. అందుకే తెలిసినవారు స్క్రిప్టు నడిపే వాలెట్‌లో పోయినా ఓర్చుకోగలిగినంతే ఉంచి, మిగతాది వేరే చోట పెడతారు.

స్క్రిప్టు అసలు లేకుండానే స్క్రిప్టు పేరు చెప్పేవారు మరొక రకం. "మా రోబో వ్యాపారం చేస్తుంది, మీకు రోజూ లాభం పంపుతాం" అంటారు. మొదట కొంత పంపుతారు కూడా. ఆ కొంత మీ తరువాత చేరినవారి డబ్బే. స్క్రిప్టు పేరు చెప్పకుండానే ఇటువంటి ఆశ చూపే పెట్టుబడులూ ఉన్నాయి. 2025లో క్రిప్టో పెట్టుబడి పేరుతో పుదుచ్చేరికి చెందిన పదిమంది నుంచి రెండు కోట్ల రూపాయలకు పైగా తీసుకున్నారన్న ఫిర్యాదుపై పుదుచ్చేరి సైబర్ క్రైం పోలీసులు కేసు నడిపి, అరెస్టులు చేశారు. ఫిర్యాదు చేసినవారిలో ఉద్యోగ విరమణ చేసినవారూ ఉన్నారు.

మీకో, మీ ఇంట్లోవారికో ఇటువంటిది జరిగితే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. బ్యాంకు నుంచి వెళ్ళిన డబ్బు ఇంకా మధ్యలో ఏదైనా ఖాతాలో ఉంటే దాన్ని ఆపే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. స్క్రిప్టును చెరిపివేయకండి. ఏ వరుస ఏం చేసిందో తెలుసుకోవడానికి పోలీసులకు అది కావాలి.

పాఠగత ప్రశ్న 3: మీ మిత్రుడు ఒక ఫైలు పంపి ఇలా రాశాడు: "ఇది ఆటలో నాణేలు తెస్తుంది. మొదట మీ వాలెట్ పన్నెండు మాటలు అడుగుతుంది, ఇవ్వండి. నేనూ ఇచ్చాను, ఏమీ కాలేదు." మీరు అతనికి ఏమని జవాబు రాస్తారు?

జవాబులు

1. "ధర 1,000 కంటే ఎక్కువై, ఆ సంగతి ఇంతకు ముందు చెప్పి ఉండకపోతే, సందేశం పంపు, చెప్పినట్లు గుర్తు పెట్టుకో." తగ్గినప్పటి గుర్తు, పెరిగినప్పటి గుర్తు వేరువేరుగా ఉండాలి. ఒకే గుర్తు వాడితే రెండవ సందేశం రాదు.

2. లాభం 20 × 200 = 4,000. రుసుము ఒక్కసారికి 20 + 20.40 = 40.40, మొత్తం 808. పన్ను 1,248. మిగిలేది 1,944 రూపాయలు. ధర పడిపోతే స్క్రిప్టు అమ్మకుండా అలాగే కూర్చుంటుంది, మీ 10,000 అందులో ఇరుక్కుంటుంది. ఎంత పడితే నష్టానికైనా అమ్మాలో మీరు ఒక వరుసలో రాసి ఉండాలి. ఆ నష్టం పన్ను లెక్కలో మీకు కలిసిరాదు.

3. మీ మాటల్లో రాయండి. ఈ రెండు సంగతులు అందులో ఉండాలి: నాణేలు తెచ్చే పనికి ఆ మాటలతో అవసరం లేదు, ఏమీ కాలేదంటే ఇంకా కాలేదనే అర్థం, కనుక అతను ఇవాళే కొత్త వాలెట్ తెరిచి ఉన్నదంతా దానిలోకి మార్చుకోవాలి. ఆ ఫైలు ఉన్న కంప్యూటరు మీద మాత్రం ఆ పని చేయకూడదు.