తుంగ గడ్డ లాంటి వైరస్



ఎయిడ్స్ ఎట్లా వస్తుంది, ఎట్లా రాదు అనేది మనం జీవశాస్త్రం పాఠంలో చదువుకున్నాం. అయితే ఇంకొక ప్రశ్న ఉంది. మందులు సక్రమంగా వేసుకునేవారి రక్తంలో వైరస్ కనబడకుండా పోతుందని డాక్టర్లు చెబుతారు. మరి కనబడనప్పుడు ఆ మందులు జీవితాంతం ఎందుకు వేసుకోవాల? ఈ ప్రశ్నకు జవాబే ఈనాటి పాఠం.

మన పక్క ఊరి చరిత్ర

మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది 1986లో. మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల రక్త నమూనాలు సేకరించారు. వాటిని పరీక్షించేదానికి వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి తెచ్చారు. చిత్తూరు వాళ్ళు జబ్బు చేస్తే పోయే వేలూరే అది! అక్కడ ఆరు నమూనాల్లో వైరస్ ఉన్నట్టు తేలింది. అప్పుడు దీనికి సరైన మందు లేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తిరుపతి రుయా ఆసుపత్రిలో కూడా ఏ.ఆర్.టి. కేంద్రం ఉంది.

కణంలో వైరస్ చేసే పని

మన రక్తంలో సి.డి.4 అనే తెల్లకణాలు ఉన్నాయి. రోగాల మీద యుద్ధానికి మిగతా కణాలను పిలిచేవి ఇవే. హెచ్.ఐ.వి. సరిగ్గా వీటిలోకే దూరుతుంది. వైరస్ దగ్గర ఉండేది ఆర్.ఎన్.ఏ. ఒక ఎంజైము సాయంతో దాన్ని డి.ఎన్.ఏ.గా మార్చుకుంటుంది. ఇంకొక ఎంజైముతో ఆ డి.ఎన్.ఏ.ను మన కణం క్రోమోజోములో అతికించేస్తుంది. అప్పటినుంచి మన కణమే వైరస్‌కు నకళ్ళు తయారుచేసి పెడుతుంది.

ఇప్పుడు చాలామందికి ఇచ్చే మాత్ర రోజుకు ఒకటే. అందులో మూడు మందులు కలిసి ఉంటాయి. టెనోఫోవిర్, లామివుడిన్ మొదటి ఎంజైమును ఆపుతాయి. డోలుటెగ్రావిర్ అతికించే ఎంజైమును ఆపుతుంది. దాంతో కొత్త కణాలకు వైరస్ అంటుకోదు. కానీ అంతకుముందే అతికిపోయినదాన్ని ఈ మందులు పీకి పారేయలేవు. చిక్కంతా ఇక్కడే ఉంది.

నిద్రపోయే కణాలు

చిన్నప్పుడు వేసిన టీకా ఏళ్ళ తరబడి ఎట్లా పనిచేస్తుంది? కొన్ని కణాలు ఆ రోగాన్ని గుర్తుపెట్టుకుని ఊరకే విశ్రాంతిగా ఉంటాయి. వీటిని జ్ఞాపక కణాలు అంటారు. వీటిలో కొన్నింటిలో హెచ్.ఐ.వి. డి.ఎన్.ఏ. ఉండిపోతుంది. కణం నిద్రపోతే వైరస్ కూడా నిద్రపోతుంది. నకళ్ళు చేయదు గనుక మందుకు చిక్కదు, మన రక్షక కణాలకూ కనబడదు.

వేరుశనగ చేలో కలుపు తీసినోళ్ళకు తుంగ సంగతి తెలుసు గదా! పైన ఆకు పీకేస్తే చేను శుభ్రంగా కనబడుతుంది. గడ్డ మాత్రం మట్టిలో ఉంటుంది. ఒక్క వాన పడితే మళ్ళీ మొలుస్తుంది. ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డ పుట్టినట్టే, ఈ కణాలు కూడా రెండుగా చీలి తమలోని వైరస్ డి.ఎన్.ఏ.ను పిల్ల కణాలకు ఇస్తాయి.

మళ్ళీ మొలకెత్తగల వైరస్ ఉన్న కణాలు విశ్రాంతి సి.డి.4 కణాల్లో దాదాపు పది లక్షలకు ఒకటి. అంత తక్కువే. అయినా మందులు వాడుతూ ఉంటే వాటి సంఖ్య సగానికి తగ్గేదానికి సుమారు 44 నెలలు పడుతుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే 70 ఏళ్ళకు పైనే!

ఒక పాప కథ

2010లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో హెచ్.ఐ.వి. ఉన్న ఒక తల్లికి పాప పుట్టింది. పుట్టిన 30 గంటలకే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర వయసులో మందులు ఆగిపోయాయి. అయినా 27 నెలల పాటు వైరస్ కనబడలేదు. పాపకు నయమైందని అందరూ సంతోషించారు. 2014లో వైరస్ మళ్ళీ బయటపడింది. మందులు తిరిగి మొదలుపెట్టారు. ఇంత కాలం ఆగడం కూడా అరుదే. మామూలుగా మందు ఆపిన కొన్ని వారాలకే వైరస్ లేచి వస్తుంది.

గుర్తుంచుకుందాం

1. రిపోర్టులో వైరస్ కనబడలేదంటే మందు బాగా పనిచేస్తోందని అర్థం. మందు ఆపమని అర్థం కాదు.

2. మధ్య మధ్యలో మానేస్తే, మందుకు లొంగని వైరస్ తయారయ్యే ప్రమాదం ఉంది.

3. వైరస్ కనబడని స్థితి నిలబెట్టుకున్నవారి నుంచి భార్యకు గానీ భర్తకు గానీ లైంగికంగా సోకదు. గర్భిణి మందులు వాడితే బిడ్డను కూడా కాపాడుకోవచ్చు.

4. ఒకే కంచంలో తిన్నా, ఒకే గదిలో పడుకున్నా, ఒకే కొళాయి దగ్గర స్నానం చేసినా ఇది అంటదు.

5. 2017లో చేసిన చట్టం ప్రకారం హెచ్.ఐ.వి. ఉందని బడిలో చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. ఒకరి రిపోర్టు సంగతి వారి అనుమతి లేకుండా బయట చెప్పకూడదు. వార్డెన్ సార్లూ, మనమూ దీన్ని పాటించాల.

నిద్రపోయే కణాలను లేపి చంపే మార్గం కోసం ప్రపంచమంతా పరిశోధనలు జరుగుతున్నాయి. మనలో ఎవరైనా రేపు ఆ పనిలో చేరవచ్చు. ఈలోగా మన ఇంట్లోనో, తండాలోనో, కాలనీలోనో ఎవరైనా "నాకు బాగైపోయింది, ఇంక మాత్ర ఎందుకు?" అంటే వారికి తుంగ గడ్డ సంగతి చెప్పండి. రోజూ మాత్ర వేసుకునేవారు మనలాగే చదువుకుని, పని చేసుకుని, ముసలివాళ్ళయ్యే దాకా బతకగలరని కూడా చెప్పండి.