లీవు పెట్టేముందు గేజీ చూడండి

ఒరెగాన్‌లో హిల్స్‌బరోలోనో బీవర్టన్‌లోనో ఉద్యోగం చేస్తూ చలికాలంలో స్టీల్‌హెడ్ పట్టాలనుకునేవాళ్లు నెల ముందే ఒక శనివారం బ్లాక్ చేసి పెట్టుకుంటారు. ఆ శనివారానికి విల్సన్ నది ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? స్టీల్‌హెడ్ అంటే డిసెంబరు నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కే చేప. వానకి ఏరు పొంగి, మళ్లీ తీస్తున్నప్పుడు బాగా దొరుకుతుంది. ఉన్న నాలుగు పీటీఓలూ ఆ రోజులకి దాచుకోండి.

టిల్లమూక్ దగ్గరి విల్సన్ నీటిమట్టం గేజీ గ్రాఫ్ యూఎస్‌జీఎస్ సైట్‌లో కనిపిస్తుంది. ఎత్తు అడుగుల్లో, ప్రవాహం సీఎఫ్ఎస్‌లో. కంగారొద్దు, శ్రీశైలం వార్తల్లో వినే క్యూసెక్కే అది. రాబోయే రోజుల అంచనా నార్త్‌వెస్ట్ రివర్ ఫోర్‌కాస్ట్ సెంటర్ ఇస్తుంది. కొత్తవాళ్లు అంకె చూసి బయల్దేరతారు. గీత ఎటు పోతోందో చూడాలి. ఎక్కుతున్న 6 అడుగులంటే బురద, కొట్టుకొచ్చే దుంగలు. దిగుతున్న 6 అడుగులంటే పని వదిలి పోదగ్గ రోజు.

మంగళవారం రాత్రి గట్టి వాన, బుధవారానికి 9 అడుగులు అనుకుందాం. గురువారం కాఫీరంగు నీళ్లే, ఆఫీసుకే పొండి. శుక్రవారం ఆరున్నర అడుగులకి దిగేలా ఉంటే ఆ రోజే లీవు పెట్టండి. శనివారం ఊరంతా అక్కడే ఉంటుంది. విల్సన్ ఇంకా తేరుకోకపోతే కిల్చిస్ లాంటి చిన్న ఏరు ముందే తేటపడి ఉంటుంది. నెహలేం మాత్రం అందరికన్నా ఆలస్యం.

అక్కడికెళ్లాక మోకాలి లోతులో నిలబడి మీ బూట్లు చూసుకోండి. పచ్చటి నీళ్లలో మసగ్గా కనిపిస్తే సరైన నీరు. అసలు కనబడకపోతే చేప వడి తప్పించుకుని గట్టు వారనే ఉంటుంది. ఆత్రంగా నడుం లోతుకి దిగేవాడు దాన్ని తొక్కుకుంటూ పోతాడు. ముందు గట్టు మీంచే, పెద్ద ఎరతో, గట్టి దారంతో వెయ్యండి. గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంటే చిన్న ఎర, సన్నటి దారం, తెల్లారకముందే హాజరు.

దిగేముందు నీటి అంచున ఒక రాయి పెట్టుకోండి. అది మునిగిందంటే సర్దుకుని గట్టెక్కడమే. ఒకసారి నేను బెండు మీదే కళ్లు పెట్టి గంట గడిపాను. వెనక్కి తిరిగితే వచ్చిన దారి నడుం లోతయింది. నీళ్లలోకి వేసుకునే వేడర్స్‌కి బెల్టు లేకుండా దిగకండి.

చేప పడ్డాక వీపు మీద, తోక దగ్గరుండే చిన్న కొవ్వు రెక్క చూడండి. అది కత్తిరించి మానినట్టుంటే హ్యాచరీ చేప. రెక్క పూర్తిగా ఉంటే సహజంగా ఏట్లో పుట్టిన చేప, నీళ్లలోంచి తియ్యకుండానే వదిలెయ్యండి. రూల్స్ మారుతుంటాయి, ముందురోజు ఒరెగాన్ చేపలు, వన్యప్రాణుల శాఖ (ఓడీఎఫ్‌డబ్ల్యూ) సైట్ చూసుకోండి.

ఇంకోటి: ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అని పెట్టి ఏటికి పోకండి. హైవే 6 పొడుగునా చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ప్రొడక్షన్ ఇష్యూ మాత్రం సరిగ్గా అప్పుడే వస్తుంది. గురువారం సాయంత్రమే మేనేజర్‌కి లీవని చెప్పండి. పొద్దున గేజీ దిగకపోతే రద్దు చేసుకుని లాగిన్ అవ్వచ్చు.