పట్టణ ప్రణాళికా విద్య — రైతుబిడ్డలకు అందుగల పని

పట్టణము ఎట్లు పెరుగవలెనో నిర్ణయించుట పట్టణవాసుల పని యనియు, నాగలి పట్టినవారికి దానితో నిమిత్తము లేదనియు మన సంఘ సభ్యులలో పెక్కురు తలంచుచున్నారు. ఈ తలంపు సరియైనది కాదు. పట్టణము పెరుగునది పొలములమీదనే గదా. ఏ మాగాణి ఇండ్ల స్థలమగునో, ఏ బండ్లబాట రహదారి యగునో, ఏ చెరువు చెరువుగానే మిగులునో మాస్టర్ ప్లాన్ అను పటమునందు ముందుగనే వ్రాయబడును. ఆ పటమును గీయువారు జీతమునకు పనిచేయు ఉద్యోగులు. ఆ ఉద్యోగమునకొక చదువు కలదు. మన పిల్లలు ఆ చదువునకు ఏల పోవలెనో, ఎట్లు పోవలెనో ఈ నెల తెలుపగోరుచున్నాము.

హైదరాబాదు నగరచరిత్రలోని యొక సంగతి మొదట చెప్పెదము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరములో వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. మరల అట్టి యుపద్రవము రాకుండ ఉపాయము చెప్పుటకై మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన నగరమును మాత్రమే చూచి ఊరకుండలేదు. నదికి నీరు వచ్చు ఎగువ ప్రాంతమునంతయు పరిశీలింపజేసిరి. అచ్చట ఏడువందలకు పైగా చెరువులున్నట్లును, ఆ వానకు వానిలో రెండువందలకు పైగా తెగినట్లును తేలెను. పైచెరువు కట్ట తెగి క్రింది చెరువుపై బడగా, ఆ నీరంతయు ఒక్కసారిగా నగరముమీదికి వచ్చినది. గొలుసుకట్టు చెరువుల క్రింద సేద్యము చేయు రైతునకు ఈ సంగతి వింత కాదు. అలుగు చాలనిచో కట్ట నిలువదని మన ఊళ్లలో పశువులు కాచు పిల్లవాడును ఎరుగును. ఆ పరిశీలన ఫలముగనే మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరును, ఈసీనదిపై 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. నగరాభివృద్ధికై ప్రత్యేకముగ ఒక బోర్డును 1912లో ఏర్పడెను.

నగరరక్షణకు మూలము ఎగువ పల్లెలోని తూములు, అలుగులు, వంకలు. ఇవి ఎరిగిన పిల్లవానికి పట్టణ ప్రణాళికా విద్యలో కొంతభాగము ఇంటనే అబ్బినట్లు. తక్కినది కళాశాలలో నేర్పుదురు: భూమి కొలతలు, ఉపగ్రహ చిత్రములను చదువుట, జనసంఖ్య ఎట్లు పెరుగునో లెక్కకట్టుట, మురుగునీటి పారుదల, రవాణా, భూచట్టములు. పటము గీయుటకు ముందు ఊరంతయు నడచి చూడవలెనని 1914లో మన దేశమునకు వచ్చిన పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు దేశీయుడు గట్టిగా బోధించెను. ఆయన మొదట జీవశాస్త్రము చదివినవాడు. కావుననే కాబోలు, ఊరిని ప్రాణమున్న వస్తువుగా చూచెను. నేడు గదిలో గూర్చుండి ఉపగ్రహ చిత్రమును మాత్రమే చూచి గీయు పటములలో వంక యొక సన్నని గీతగా నుండును, లేదా అసలే యుండదు. వేసవిలో ఎండియుండు వంకను చిత్రములో బాటయని పొరబడుట సులభము. ఆ గీత తప్పినచోట లేఅవుటు పడును. తరువాతి వానకు దిగువ రైతు వరిమడి మునుగును.

మరియొక సంగతియు దాచక చెప్పవలెను. ఆ రెండు జలాశయముల నీరు చెడకుండుటకై 1996లో 111వ నంబరు ప్రభుత్వపు ఉత్తర్వు వెలువడి, వాని చుట్టును 10 కిలోమీటర్ల మేరనున్న 84 గ్రామములలో కట్టడములకు కఠినమైన హద్దులు పెట్టెను. నగరమునకు త్రాగునీరు కావలసినదే. కాని ప్రక్క ఊళ్లలో భూముల ధర పెరుగుచుండగా తమ భూమికి ఆ విలువ రాకపోయెనని ఆ గ్రామముల రైతులు పెక్కేండ్లు మొరపెట్టుకొనిరి. 2022 ఏప్రిల్‌లో ఆ నిబంధనలు తొలగించుచు ఉత్తర్వు రాగా, నీటిగతి ఏమగునని నగరవాసులు భయపడిరి. ఇందు ఇరుపక్షములదియు న్యాయమే. నీటిని కాపాడు రైతునకు నష్టపరిహారము ఎట్లు చెల్లవలెనో ఆలోచించి చెప్పగలవారు, మా యభిప్రాయమున, రెండువైపుల బ్రతుకును ఎరిగిన ప్రణాళికాకారులే. అట్టివారు పల్లెనుండి రావలసియున్నది.

ఇక చదువు మాట. ఇంటర్మీడియెట్‌లో గణితము తప్పక యుండవలెను, ఎం.పి.సి. తీసికొన్నచో చాలును. తరువాత నాలుగేండ్ల బి.ప్లానింగ్ చదువు కలదు. విజయవాడలో కేంద్రప్రభుత్వము 2008లో స్థాపించిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కలదు. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమునందును ఈ విద్య నేర్పుదురు. విజయవాడ పాఠశాలకు జె.ఇ.ఇ. మెయిన్‌లోని 2-బి పత్రము వ్రాయవలెను. అది ఇంజనీరింగు పత్రముకంటె వేరు. దరఖాస్తులో దానిని ప్రత్యేకముగ కోరవలెను. ఇది తెలియక ఒక్క ఇంజనీరింగు పత్రమునకే దరఖాస్తు చేయు పిల్లలు పెక్కురు. బొమ్మలు గీయుట రాదని వెనుదీయ నక్కరలేదు. చిత్రలేఖన పరీక్ష ఆర్కిటెక్చరు పత్రమునకే గాని దీనికి లేదు. సివిల్ ఇంజనీరింగు చదివినవారును, భూగోళము, అర్థశాస్త్రములలో ఎం.ఏ. చేసినవారును పిమ్మట ఎం.ప్లానింగ్‌లో చేరవచ్చును. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినవారికి ఆంధ్రప్రదేశ్ పట్టణములలో వార్డు ప్రణాళికా కార్యదర్శి ఉద్యోగములు 2019లో ఏర్పడినవి. ఆడపిల్లలకు తగదను మాట వినవచ్చుచున్నది, అది వట్టిమాట.

పర్యావరణ శాఖల పనియు దీనికి చేరువైనదే. 1974 నాటి జలకాలుష్య చట్టము క్రింద ఏర్పడిన కాలుష్య నియంత్రణ మండలులలో ఇంజనీర్లును, నీటిని పరీక్షించు రసాయనశాస్త్రజ్ఞులును కావలెను. బి.ఎస్సీ. రసాయనము చదివి పని దొరకలేదని ఇంట గూర్చున్న పిల్లలు ఎం.ఎస్సీ. వైపు చూడవచ్చును. పెద్ద కర్మాగారము గాని గని గాని పెట్టుటకు ముందు, 2006 నాటి ప్రకటన ననుసరించి, చాలవరకు ప్రజాభిప్రాయ సభ జరుపవలెను. సభకు కనీసము 30 దినములు ముందుగా పత్రికలలో తెలుపవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలోను ఉండవలెను. ఆ సారాంశమును అడిగి తెచ్చుకొను హక్కు మనకు గలదు. కాని దానిని చదివి, బోరునీటి లెక్కలో తప్పు ఇచ్చటనున్నదని లేచి చెప్పగలవాడు ఊరిలో ఒక్కడైనను ఉండవలెను. ఆగ్రహముతో కేకలు వేసినంత మాత్రమున లిఖితమున ఏమియు నిలువదు. సర్వే నంబరుతో చెప్పిన అభ్యంతరము నిలుచును.

మన ప్రాంతపు ముసాయిదా ప్లాను వెలువడినపుడు ప్రతి నొకదానిని తెచ్చి సంఘపు కార్యాలయపు గోడకు తగిలింపవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాము. సామాన్యముగ పసుపురంగు నివాసములకును, ఆకుపచ్చ సేద్యమునకును గుర్తు. అయినను రంగుల పట్టిక పటము మూలనే యుండును గాన దానిని చూచుకొనవలెను. తమ సర్వే నంబరు ఏ రంగులో బడెనో, ప్రక్కనున్న వంక చూపబడెనో లేదో ప్రతి సభ్యుడును ఎఫ్.ఎం.బి. పటముతో సరిచూచుకొని, నోటీసులోని గడువులోగా వ్రాతమూలముగ తెలుపవలెను. ఇంటర్మీడియెట్ చదువుచున్న పిల్లలచేతనే ఈ పని చేయింపుడు. 2-బి పత్రమునుగూర్చి అడుగగోరువారు ప్రదర్శన క్షేత్రమునకు వచ్చినపుడు దరఖాస్తు చేయు విధమును మేము చూపెదము.