పళ్ల మీద మరకలు

అక్కా, మన నల్గొండ జిల్లాలో చాలామందికి పళ్ల మీద గోధుమరంగు మరకలుంటాయి. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటారు. పెళ్లిచూపుల్లో పిల్ల నోరు విప్పదు.

ఇది తోముకోక పట్టిన గార కాదు. బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా పోదు. ఎనిమిదేళ్లలోపు, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే మరక పడుతుంది. ఇటుకపొడితో రుద్దితే పన్నే అరుగుతుంది. చిన్నపిల్లలకు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే తాగించండి.

పట్నంలో పళ్ల డాక్టర్లు ముందుపళ్లకు పల్చని పింగాణీ పలక అతికిస్తారు. దాన్ని వెనీరు అంటారు. చూడ్డానికి బాగుంటుంది. కాని ముందుగా పన్ను పైపొర కొంచెం అరగదీస్తారు. ఆ పొర మళ్లీ పెరగదు. కొన్నేళ్లకు పలక ఊడొచ్చు, పగలొచ్చు. అప్పుడు మళ్లీ ఖర్చు. ఒక్కో పంటికి వేలల్లో అవుతుంది.

మగపిల్లవాడి వాళ్లు అడిగారని అప్పు చేసి వేయించొద్దని నేనంటాను. మీరేమంటారు?